బియ్యప్పిండితో గీసిన మైదానం

ఫుట్‌బాల్ అంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళు మంట. పెళ్ళయి ఖతర్ వచ్చి, ఇండస్ట్రియల్ ఏరియాలో కంపెనీ గోడౌన్ వెనక ఇచ్చిన రెండు గదుల క్వార్టర్‌లో కాపురం పెట్టిన మొదటి వారమే తెలిసొచ్చింది, ఆ ఇంట్లో నాకంటే ముందే ఇంకొకతె ఉందని. తోలు అక్కడక్కడ లేచిపోయి, మంచం కింద గుండ్రంగా కూర్చుని ఉంది. శుక్రవారం సెలవు పూట అందరూ పెళ్ళాలని తీసుకుని సముద్రం ఒడ్డుకి షికారు వెళ్తుంటే, మా ఆయన తెల్లారకముందే లేచి దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయేవారు.

"వారానికి ఒక్క సెలవు. అదీ ఈవిడకేనా?" అని అడిగేదాన్ని.

"మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాగా" అనేవారు. వచ్చేవారు, చెవుల్లోంచి కూడా ఇసక రాలుస్తూ. ఆ ఇసకంతా ఊడ్చుకునే భాగ్యం నాది.

ఆయనది సికింద్రాబాద్. మిలిటరీ బ్యారక్‌ల పక్క బస్తీలో, సిపాయిల ఆట చూస్తూ, వాళ్ళు పారేసిన బంతులతో ఆడుతూ పెరిగిన మనిషి. నాది కాకినాడ దగ్గర పల్లె. మా వైపు మగాళ్ళు కబడ్డీ ఆడతారు, పేకాడతారు, ఏమీ లేకపోతే అరుగుమీద కూర్చుని రాజకీయాలు మాట్లాడతారు. బంతిని కాలితో తన్నడానికి బనియన్లు, బూట్లు, నియమాలు ఉంటాయని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది.

భవనాలు కట్టే చోట నిలబెట్టే ఇనప పైపులూ పలకలూ అద్దెకిచ్చే కంపెనీ మాది. ఆయన స్టోర్స్ ఇన్‌చార్జి. ఆ రోజుల్లో చాలా కంపెనీలకి ఫుట్‌బాల్ టీంలుండేవి. వాళ్ళందరికీ కలిపి ఒక లీగ్, చలికాలమంతా శుక్రవారం పొద్దుటి పూట మ్యాచ్‌లు. మూడు డివిజన్లలో మావాళ్ళది రెండోది, అందులోనూ ఎప్పుడూ అడుగుకి దగ్గర్లో. ఆడేవాళ్ళు ఎక్కువగా మలయాళీలు, నేపాలీలు, ఇద్దరు సూడానీలు. గోల్‌కీపర్ మాత్రం మన కరీంనగర్ కుర్రాడు, కంపెనీలో వెల్డర్. ఊళ్ళో వాలీబాల్ ఆడేవాడట. ఆ అలవాటు పోలేదు, వచ్చిన బంతిని పట్టుకోమంటే రెండు చేతులూ కలిపి పైకి కొట్టేవాడు. మా ఆయన కోచ్, మేనేజరు, మనిషి తక్కువైతే ఆటగాడు కూడా.

తొంభైల నడుమ ఒక ఏడాది కంపెనీ కుప్పకూలింది. యజమానులిద్దరూ అన్నదమ్ములు, వాళ్ళకీ వాళ్ళకీ పడలేదు. పెద్ద కాంట్రాక్టు చేజారింది. జీతాలు మొదట ఆలస్యమయ్యాయి, తర్వాత ఆగిపోయాయి. సైట్లు లేవు, పని లేదు. పాస్‌పోర్టులు ఆఫీసు బీరువాలో ఉండేవి కాబట్టి ఇంటికి పోదామన్నా దారిలేదు. క్యాంప్‌లో మనుషులు మంచాల మీద కూర్చుని కప్పు చూస్తూ పగళ్ళు గడిపేవారు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, సరిగ్గా సీజన్ మొదలైన నెలలోనే చిన్న యజమాని మా ఆయన్ని పిలిచి చెప్పాడు, టీం బంద్ అని. బస్సు ఇవ్వం, బంతులు కొనం, మా కంపెనీ పేరు చొక్కాల మీద కనపడకూడదు అని.

ఆ రోజు నుంచి మా ఆయన నోరు మూతపడింది. అరిచే మనిషి అయితే నాకు భయం ఉండేది కాదు, నేనూ అరిచేదాన్ని. ఆయన అరవలేదు. కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయేవారు. ఎండాకాలం ఏం చేద్దాం, ఇంటికి ఉత్తరం రాద్దామా, వేరే ఉద్యోగం చూద్దామా అని నేను అడిగితే గోడవైపు తిరిగి పడుకునేవారు. రేపటి గురించిన మాట ఒక్కటి కూడా ఆయన నోట వచ్చేది కాదు. రాత్రి నిద్రపోయే మనిషిని లేపి ఊపిరాడుతోందా అని చూసేంత భయం పట్టుకుంది నాకు.

ఒక సాయంత్రం ఆటగాళ్ళు నలుగురైదుగురు మా గుమ్మం ముందుకొచ్చారు. ముందు నిలబడింది కరీంనగర్ కుర్రాడే.

"అన్నా, కంపెనీ ఆడొద్దంటే మనం ఆడొద్దా? లీగ్‌ల మన పేరు ఉన్నది కద. సీజనంత ఆడుదాం. ఊకె పండుకుంటే పిచ్చి లేస్తున్నది" అన్నాడు.

మా ఆయన లేచి, మంచం కింద నుంచి బంతి తీసి, బొటనవేలితో నొక్కి చూశారు. "గాలి తగ్గింది" అన్నారు. అన్ని రోజుల తర్వాత ఆయన గొంతు మామూలుగా వినపడింది. నేను వంటింట్లో నిలబడి విన్నాను. ఆ బంతి నా సవతే, కాదనను. కానీ ఆ సవతి పోతే మనిషే పోయేలా ఉన్నాడు. సీజన్ చివరిదాకా ఈ టీం ఆగకూడదు, నేను ఆగనివ్వను, అని అప్పుడే అనుకున్నాను.

ఆగకుండా ఉండడం అంటే ఏమిటో లీగ్ నియమం చెబితే తెలుస్తుంది. ఒక మ్యాచ్‌కి టీం రాలేకపోతే అవతలివాళ్ళు గెలిచినట్టు రాసుకుంటారు, దాన్ని వాకోవర్ అంటారు. ఒక సీజన్లో రెండుసార్లు అలా జరిగితే ఆ టీం పేరు కొట్టేస్తారు, మళ్ళీ చేర్చుకోరు. మావాళ్ళ మొదటి వాకోవర్ డిసెంబరులోనే అయిపోయింది. ఊరికి దూరంగా మెసయీద్‌లో మ్యాచ్. స్నేహితుడి వ్యాన్ వస్తుందని క్యాంప్ గేటు దగ్గర బూట్లు వేసుకుని కూర్చున్నారు. వ్యాన్ రాలేదు. ఎండెక్కేదాకా కూర్చుని తిరిగొచ్చారు. ఆ రోజు మా ఆయన అన్నం ముట్టలేదు. ఇక ఇంకొక్కటి తప్పితే ఖతం.

మర్నాడే నేను ఉమ్ సలాల్ డ్రైవర్‌కి కబురు పెట్టాను. కడప జిల్లావాడు, ఉమ్ సలాల్‌లో ఒక అరబ్బు తోటలో బండి నడిపేవాడు. మా క్వార్టర్ పక్క దుకాణానికి సరుకు కోసం వచ్చినప్పుడల్లా నా చేతి పచ్చడి తిని, అక్కా అని పిలవడం మొదలుపెట్టాడు. పచ్చడి పెట్టినందుకు ఇప్పుడు పని పడిందన్నాను.

"బండి ఉండాది గానీ అక్కా, అది గొర్రెల బండి" అన్నాడు తల గోక్కుంటూ. "ఎంత కడిగినా ఆ వాసన పోదు. మీ వాళ్ళకి ఇబ్బంది ల్యాకుంటే తీస్కపోతా. మా కఫీల్, అదే మా అరబ్బు సేటు, మంచోడే, శుక్రవారం పొద్దున బండితో నీ ఇష్టం అంటాడు. నమాజుకి పొయ్యే యాళకి బండి ఆయన ముందర ఉండాల, అంతే."

ఆ విధంగా మా టీం మిగతా సీజనంతా గొర్రెల పికప్‌లో నిలబడి ప్రయాణం చేసింది. మొదటిసారి వాళ్ళు దిగినప్పుడు అవతలి టీంవాళ్ళు ముక్కు మూసుకుని మే మే అని అరిచారట. మావాళ్ళు ఆ రోజు గెలిచారు. ఆ సీజన్లో గెలిచినవాటిలో అదొకటి. ఆ తర్వాత బండెక్కేటప్పుడు మావాళ్ళే ముందుగా మే అనేవారు.

చొక్కాల మీద కంపెనీ పేరు తీసెయ్యమన్నారుగా. ఆ కుట్టు విప్పింది నేనే, ఒక్కొక్క దారం బ్లేడుతో తెంపుతూ. ఎండకి చొక్కా రంగు వెలిసింది గానీ అక్షరాల కింద గుడ్డ ముదురుగానే ఉండిపోయింది. కాబట్టి పేరు తీసేసినా చదువుకోవచ్చు. చిన్న యజమాని అది చూసి అడిగితే, ఉతికితే పోతుందేమో చూస్తున్నాం అని చెప్పమన్నాను.

ఇక మైదానం సంగతి. మైదానం అంటే గడ్డి కాదు, క్యాంప్ వెనక రాళ్ళేరేసిన ఇసక నేల. దాని మీద తెల్ల గీతలు గీయడం ఎవరి మైదానమైతే వాళ్ళ పని. అంతకుముందు కంపెనీ జీతం మీద ఒక మనిషి చక్రాల డబ్బాతో గీసేవాడు. ఇప్పుడు ఆ మనిషీ లేడు, డబ్బా కూడా ఎవరో పట్టుకుపోయారు. మా ఆయనా, కరీంనగర్ కుర్రాడూ కలిసి గోడౌన్‌లో మిగిలిన సున్నం గంపలో పోసుకుని, చేత్తో చల్లుతూ గీశారు. నేను గోడ పక్కనుంచి చూశాను. నా కడుపు మండిపోయింది. ఒకచోట బెత్తెడు లావు, ఒకచోట దారమంత సన్నం, మధ్యలో పాము పోయినట్టు వంకర.

"ఏవండీ, అవి గీతలా? మా ఊళ్ళో దూడ కూడా ఇంతకంటే తిన్నగా నడుస్తుంది" అన్నాను.

"అయితే నువ్వు గియ్యి" అన్నారు ఆయన, కోపంగా.

గీశాను. అదేమంత బ్రహ్మవిద్య? ఊహ తెలిసిన దగ్గర్నుంచి వాకిట్లో వంగి ముగ్గేసిన చేతులివి. ఆయన చేత మూలమూలకీ ఒక పెద్ద మేకు దిగ్గొట్టించాను, తల మాత్రం ఇసక మట్టానికి ఉండేలా. రెండు మేకుల మధ్య నూలుతాడు బిగించి, దాని పక్కనే వెనక్కి నడుస్తూ బొటనవేలూ చూపుడువేలూ మధ్యనుంచి సున్నం వదిలాను. ముందు బకెట్లతో నీళ్ళు కళ్ళాపి చల్లించాను, ఇసక అణిగి గీత నిలవాలని. నడుం విరిగింది గానీ మైదానమంతా అయ్యేసరికి క్యాంప్‌లో జనం లేచి వచ్చి వరసగా నిలబడి చూశారు. మా ఆయన గీత పొడవునా నడిచి, చివర ఆగి తలూపారు. ఆ తలూపుకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పట్నుంచి మా మైదానంలో మ్యాచ్ ఉన్న ప్రతి శుక్రవారం తెల్లవారుజామున గీతలు నావి.

అలా ఈడ్చుకుంటూ, ఓడుతూ, అప్పుడప్పుడు గెలుస్తూ ఆఖరి మ్యాచ్‌కి వచ్చాం. మా మైదానంలోనే. ఓడకుండా ఉంటే చాలు, రెండో డివిజన్లో ఉంటారు. ఓడితే మూడోదానికి దిగుతారు. అసలు ఆట జరగకపోతే రెండో వాకోవర్, పేరే ఉండదు. ఈ మూడూ నాకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. ఫుట్‌బాల్ అంటే మంట అన్నదాన్నే నేను.

ఆ వారం గోడౌన్‌కి తాళం పడింది. కంపెనీ మీద కేసు వేసినవాళ్ళెవరో కోర్టు మనుషులతో వచ్చి తలుపులకి సీలు వేసి పోయారు. సున్నం లోపల ఉంది. బయట కొందామంటే చేతిలో ఫులూస్ లేవు, ఉన్నవి పాలకీ కూరలకీ. మా ఆయన సీలు ముందు నిలబడి చూసి వచ్చి గుమ్మంలో కూలబడ్డారు.

"ఇక్కడిదాకా వచ్చి సున్నం దగ్గర పోతామా" అన్నారు.

"పోం" అన్నాను నేను. ఎలాగో నాకే తెలియదు, కానీ అన్నాను.

మర్నాడు మెస్‌లో వంటవాడు పురుగు పట్టిన బియ్యం బస్తా బయటికి ఈడ్చి పారెయ్యబోతుంటే నా కళ్ళు మెరిశాయి. అసలు ముగ్గంటే బియ్యప్పిండి కదా. సున్నం, రాతిపిండి ఇవన్నీ తర్వాత వచ్చినవి. డ్రైవర్‌ని పిలిచాను. వాళ్ళ తోటలో గొర్రెలకి బార్లీ ఆడించే మిషన్ ఉంది. బస్తా వేసుకుని పోయి, గురువారం సాయంత్రానికి ఆడించి తెచ్చాడు. మెత్తగా రాలేదు, సన్న నూక లాగా గరగరలాడుతోంది. నాకు పర్వాలేదనిపించింది, వేళ్ళ మధ్యనుంచి ఇంకా బాగా జారుతుంది.

శుక్రవారం తెల్లవారుజామున గీస్తుంటే డ్రైవర్ బకెట్ పట్టుకుని నా వెనక నడిచాడు.

"బియ్యం నేల పాలు జేస్తాండామని పాపం రాదా అక్కా?"

"పాపం కాదయ్యా, పుణ్యం" అన్నాను దర్జాగా. "మా నాయనమ్మ బియ్యప్పిండితోనే ముగ్గేసేది. చీమలూ పిచ్చికలూ తిని దీవిస్తాయట."

నా నోటితో నేనే అన్నాను ఆ మాట. అప్పుడైనా బుర్ర వెలగలేదు.

మ్యాచ్ మొదలైంది. రిఫరీ సూడానీ పెద్దమనిషి, బ్యాంకులో గుమాస్తా అట, తెల్లటి మేజోళ్ళు, ఇస్త్రీ నిక్కరు. నేను ఒక పక్క దుప్పటి పరుచుకుని నిమ్మకాయ నీళ్ళు కలుపుతూ కూర్చున్నాను. మొదటి సగంలో అవతలివాళ్ళొక గోలు వేశారు, మా నేపాలీ కుర్రాడొకడు ఒకటి వేశాడు. సమానం. విశ్రాంతికి అందరూ గోడ నీడకి వచ్చారు. మా ఆయన వాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని చేతులూపుతూ మాట్లాడుతున్నారు. ఆ ముఖం చూస్తూ ఉండిపోయాను నేను, పెళ్ళైన కొత్తలో చూసిన ముఖం. మైదానం వైపు చూసే తీరిక నాకేదీ?

"అక్కా, మీ నాయనమ్మ చెప్పిన సుట్టాలొచ్చినారు" అన్నాడు డ్రైవర్.

తలెత్తి చూస్తే మా గోల్ వైపు నేలంతా పావురాలు. క్యాంప్ మెస్ చుట్టూ తిరిగే పావురాలన్నీ, వాటితో పిచ్చికలూ, బారు తీరి నా గీత మీద పంక్తి భోజనానికి కూర్చున్నాయి. లేచి చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగెత్తి హుష్ హుష్ అని తోలాను. అప్పటికే తినాల్సినంత తినేశాయి. తెల్లగా ఇక్కడో మచ్చ, అక్కడో మచ్చ మిగిలింది. ఈల వేసేశారు, ఆటగాళ్ళు వచ్చేశారు. దూరంనుంచి ఆ మచ్చలు చూసి గీత ఉందనే అనుకున్నారు అందరూ. అక్కడ గీత లేదని నాకు మాత్రం తెలుసు.

ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా అవతలివాడొకడు బంతి తీసుకుని ఒంటరిగా మా గోల్ మీదికి వచ్చాడు. మా కరీంనగర్ కుర్రాడు గోల్ వదిలి ఎదురు పరుగెత్తి, మోకాళ్ళ మీద జారి, బంతి బదులు వాడి కాళ్ళు పట్టేశాడు. ఇద్దరూ దొర్లారు. రిఫరీ ఈల వేసి పరుగెత్తుకొచ్చి, కాలు తగిలిన చోట తడి ఇసకలో బూటు మడమతో ఒక గుంట చేశాడు. అది గోల్ ముందరి పెద్ద పెట్టె లోపలైతే పెనాల్టీ, ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే ఉండగా కొడతారు. బయటైతే దూరంనుంచి కొట్టాలి, అడ్డంగా మనుషులు నిలబడొచ్చు. అంతా ఆ గీత మీదే ఉంది. ఆ గీత పావురాల కడుపులో ఉంది.

అవతలివాళ్ళు లోపలంటే లోపలని, మావాళ్ళు బయటంటే బయటని, తోపులాట మొదలైంది. రిఫరీ నేలంతా వెతికి, రెండు వేళ్ళతో కాస్త పిండి తీసి వాసన చూసి, నుదురు కొట్టుకున్నాడు. తర్వాత మా ఆయన దగ్గరికొచ్చి, అయిదు వేళ్ళు చూపించి, అయిదు నిమిషాల్లో గీత కనపడాలన్నాడు. "లైన్ మాఫీ, మ్యాచ్ మాఫీ." అరబ్బీలో మాఫీ అంటే లేదని. గీత లేకపోతే మైదానం పనికిరాదని రాస్తాడు. అలా రాస్తే ఈ మ్యాచ్ మావాళ్ళు రానట్టే లెక్క. రెండోది.

మా ఆయన నావైపు చూశారు. నేను అప్పటికే పిండి బకెట్, తాడు పట్టుకుని లేచాను. అంతమంది మగాళ్ళ మధ్యకి ఎలా నడిచానో నాకు తెలియదు. పెట్టెకి ఈ మూల మేకు దగ్గర నేను కూర్చున్నాను, ఆ మూల మేకు దగ్గర ఆయన. ఇసక తవ్వి మేకు తల పట్టుకున్నాను. ఆయన కూడా వేళ్ళతో తడుముతున్నారు. రిఫరీ ఇంకా అరుస్తున్నవాళ్ళని వెనక్కి నెడుతున్నాడు, మావైపు చూడట్లేదు. మేకులెక్కడున్నాయో ఆ మైదానంలో మా ఇద్దరికే తెలుసు.

ఆయన భుజం కదలడం ఆగింది. మేకు దొరికింది. తాడు ఇద్దరి చేతుల్లో గాలిలో ఉంది, ఇంకా నేలకి తగల్లేదు. దాని వెంబడి చూస్తే నాకు తెలిసిపోయింది, గుంట లోపలికే పడుతోంది. ఎంతో కాదు, జానెడు. గుంట ఆయన మూలకే దగ్గర. ఆయన తన చివర తాడుని జానెడున్నర గోల్ వైపు జరిపి పట్టుకుంటే చాలు, గుంట బయట పడుతుంది. మేకు మీద ఇసక కప్పెయ్యడం ఎంతసేపు?

జరపండి, అని నా మనసు అరిచింది. ఏడుస్తూ అరిచింది. ఇన్ని నెలలు గొర్రెల బండిలో తిరిగారు, అన్నం మానేశారు, జరిపెయ్యండి. నోటితో అనలేదు గానీ నా కళ్ళు అన్నాయనే అనుకుంటాను. ఆయన గుంటని చూశారు. తాడుని చూశారు. తర్వాత తలెత్తి నన్ను చూశారు. ఎన్నో నెలలుగా నన్ను సూటిగా చూడని మనిషి, సూటిగా చూశారు. చూస్తూనే తాడుని మేకుకి రెండు చుట్లు చుట్టి బిగించారు.

నేనూ నా చివర చుట్టాను. లేచి, వంగి, వెనక్కి నడుస్తూ పిండి వదిలాను. చుట్టూ అరుపులు ఆగిపోయాయి. గీత తిన్నగా ఆ మూల నుంచి ఈ మూలకి వచ్చింది, గుంటని లోపల వదిలేసి. రిఫరీ గుంటని చూసి, గీతని చూసి, పెనాల్టీ అని చెయ్యి చాచాడు. మావాళ్ళు పెట్టె బయటికి నడిచారు.

కరీంనగర్ కుర్రాడు కుడివైపు దూకాడు. బంతి ఎడమవైపు పోయింది. మిగిలిన కాసేపూ మావాళ్ళు ప్రాణాలు పెట్టి ఆడారు, బంతి ఒకసారి కర్రకి కూడా తగిలింది, కానీ లోపలికి పోలేదు. ఈల వేశారు. ఓడిపోయాం. మూడో డివిజన్.

రిఫరీ కాగితం మీద మ్యాచ్ పూర్తయిందని రాసి మా ఆయన చేత సంతకం పెట్టించుకున్నాడు. పోతూ పోతూ నా ముందు ఆగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, తలొంచి వెళ్ళాడు.

కరీంనగర్ కుర్రాడు గోల్ కర్రకి ఆనుకుని కూర్చుండిపోయాడు. నిమ్మకాయ నీళ్ళు ఇస్తే తీసుకోలేదు. "నా వల్లనే పోయింది వదినె. బాల్ పట్టుమంటే కాళ్ళు పట్టిన" అన్నాడు.

"పిండి పెట్టి పావురాల్ని పిలిచింది నేను. నాకంటే ఎక్కువ ఏడవడానికి నీకేం హక్కుంది? తాగు" అన్నాను. తాగాడు.

"వంద అబద్ధాలాడైనా ఒక పెండ్లి జెయ్యమన్నారు పెద్దోళ్ళు. నువ్వు జానెడు గీతకి ఇంత నిజం పట్టుకుంటివి గదా అక్కా" అని డ్రైవర్ నవ్వి, నమాజుకి టైమైపోతోందని బండి తీసుకుని పరుగెత్తాడు.

జనం వెళ్ళిపోయారు. ఎండ నడినెత్తికొచ్చింది. పావురాలు మళ్ళీ దిగి, నేను కొత్తగా గీసిన గీతని కూడా తినడం మొదలుపెట్టాయి. ఈసారి తోలలేదు, తిననీ అనుకున్నాను. మా ఆయన మూలమూలకీ వెళ్ళి మేకులు పీకి, వాటికంటిన ఇసక తుడిచి జేబులో వేసుకుంటున్నారు. తర్వాత తాడుని మోచేతికి చుట్టడం మొదలుపెట్టారు, నెమ్మదిగా, ముడి పడకుండా. నాకు మళ్ళీ భయం వేసింది. ఇక శుక్రవారాలు లేవు. ఇంటికెళ్ళి ఈయన గోడవైపు తిరిగి పడుకుంటే నేనేం చెయ్యను?

ఇంటికొచ్చి కంచం పెట్టాను. పప్పు, వంకాయ కూర. ఎదురుగా కూర్చుని, తినే చెయ్యి ఎప్పుడు ఆగుతుందా అని చూస్తున్నాను. ఆయన కలుపుకున్నారు, ఒక ముద్ద తిన్నారు, రెండోది తిన్నారు. కూర మళ్ళీ వెయ్యమన్నట్టు కంచం ముందుకి జరిపారు.

"ఈ బియ్యప్పిండితో లాభం లేదు" అన్నారు నములుతూ. "వచ్చే సీజన్‌కి సున్నం ముందే తెచ్చి ఇంట్లో పెట్టుకోవాలి. మూడో డివిజనైనా గీతలు గీతలే కదా."

గరిటె నా చేతిలో అలాగే ఉండిపోయింది. వచ్చే సీజన్ అన్నారు. ఎన్ని నెలలు ఎదురుచూశానో ఆ మాటకి. నోటికొచ్చింది అన్నాను.

"ఇంట్లో ఎక్కడ పెడతారు? మంచం కింద చోటు లేదు. అక్కడ మీ పెద్దావిడ ఉంది."

ఆయన మంచం కిందికి వంగి చూశారు. చూసి, నోట్లో అన్నం ఉండగానే నవ్వారు.

"కాస్త సర్దుకోమని చెబుతాలే" అన్నారు.